కందిరీగలదుర్గం దారిలో పసుపు బాణం

దారి చూపేవాళ్లకు ముందు దారి తెలిసి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఉండి ఉంటే నేను పుట్టేదాన్నే కాదు. నేను ఒక రేకు బోర్డును. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, ముదురాకుపచ్చ ఒళ్లు, తెల్లటి అక్షరాలు, వాటి కింద మూరెడు పసుపుపచ్చ బాణం. అక్షరాల్లోనూ కొంత అబద్ధం ఉంది కానీ దానివల్ల ఎవరికీ కాలు విరగలేదు. బాణం వల్ల విరిగింది. ఆ కథే చెబుతాను.

నన్ను తయారుచేసినవాడు ఖాసీం. తాలూకా బస్టాండు వెనక సందులో అతని పెయింటింగు షాపు ఉండేది. పెళ్లిపందిళ్ల మీద పేర్లు, లారీల వెనక సామెతలు, ఎన్నికలప్పుడు గోడల మీద చేతికందిన గుర్తులు, అన్నీ అతనే రాసేవాడు. ఒకనాడు దుర్గాల అభివృద్ధి మండలి నుంచి ఇంజనీరు చంద్రమౌళి ఒక కాగితం పంపించాడు. కాగితంలో "స్వర్ణదుర్గం కోటకు దారి" అని ఉంది. కింద ఎడమవైపుకు బాణం.

ఖాసీం కుంచె పట్టుకునే ముందు ఇంజనీరుకు ఫోను చేశాడు. "సార్, ఈ బోర్డు యాడ పాతుతారు, మొహం ఎటు తిరిగుంటాది?"

"అదంతా నీకెందుకయ్యా. కాగితంలో ఎట్లా ఉంటే అట్లా వెయ్యి."

ఖాసీం ఫోను పెట్టేసి, "మొహం ఎటో తెలియకుండా ఎడమ ఏదో ఎట్ల తెలుస్తాదబ్బా" అని గొణుక్కున్నాడు. నా గురించి ఆలోచించిన మొదటి మనిషి అతనే. మండలిలో అటువంటివాడు ఒక్కడుంటే చాలేది. లేడు.

ఇక పేరు సంగతి. ఆ కొండకు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ స్వర్ణదుర్గం అనరు. కందిరీగలదుర్గం అంటారు. పూర్వం అక్కడ ఉన్న పాలెగాడు, శత్రువులు కోట ఎక్కబోతే పైనుంచి కందిరీగల తుట్టెలు విసిరించేవాడని చెప్పుకుంటారు. కత్తులకు జడవని సైన్యం వీపులు గోక్కుంటూ పారిపోయిందట. కానీ మండలి సమావేశంలో ఎవరో, "కందిరీగలదుర్గం అంటే ఎవడొస్తాడండీ, కుట్టించుకోడానికా?" అన్నారు. అందరూ నవ్వారు. టీలు వచ్చే లోపల దానికి స్వర్ణదుర్గం అని పేరు పెట్టేశారు. ఆ కోటలో బంగారం కాదు గదా, ఇత్తడి గంట కూడా దొరకలేదు.

నన్ను ఇద్దరు కూలీలు భుజాన వేసుకుని కొండెక్కించారు. కింద తారురోడ్డు నుంచి అడవిలో గంట నడిస్తే ఒక మలుపు వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కిందనుంచి వచ్చేవాడికి ఎడమన పోయేది కోటదారి. అది ఊడుగచెట్ల మధ్య నుంచి మెల్లగా ఎక్కి, విరిగిన సింహద్వారం దగ్గరకు చేరుతుంది. లోపల కూలిన కట్టడాలు, వాననీళ్లు నిలిచే రాతిదొన, అన్నిటికీ పైన బురుజు. బురుజెక్కితే ఏడు మడతలుగా కొండలు, వాటి వెనక ఏరు వెండిదారంలాగా కనిపిస్తుందట. నేను చూడలేదు. నేను పుట్టింది అక్కడికి మనుషుల్ని పంపడానికే కానీ వెళ్లడానికి కాదు.

కుడివైపు పోయేది మేకలదారి. మొదట అదే వెడల్పుగా, నున్నగా, కోటదారికంటే మర్యాదగా కనిపిస్తుంది. అరమైలు పోయాక వదులురాళ్ల చరియలో పడి, ఒక లోయ అంచున ఆగిపోతుంది. ఆ చోటికి మేకజారుడు అని పేరు. మేకలే జారిన చోటన్నమాట.

కూలీలు నన్ను సరిగ్గానే పాతారు. కిందనుంచి వచ్చేవాడికి నా మొహం కనిపించేలా, బాణం ఎడమన కోటవైపు. ఆ తర్వాత ప్రారంభోత్సవానికి పెద్దమనిషి వచ్చాడు. ఆయన వెంట పూలదండలు, ఆయన వెనక చంద్రమౌళి, అందరికీ ముందు ఫోటోగ్రాఫరు. ఫోటోగ్రాఫరు ఒక కన్ను మూసి చూసి, "సార్, ఎండ వెనకనుంచి వస్తాంది. పెద్దాయన మొహం నల్లగా పడతాది" అన్నాడు.

పెద్దాయన మొహం నల్లబడటమా? చంద్రమౌళి కూలీలను కేకేశాడు. నన్ను పెరికి, అటు తిప్పి, మొహం కొండవైపు, వీపు వచ్చేవాళ్లవైపు పెట్టారు. ఎండ నా మీదా పెద్దాయన మీదా సమానంగా పడింది. అప్పటికప్పుడు సిమెంటు పోశారు. తిరిగినప్పుడు నాతోపాటు బాణమూ తిరిగింది. ఇప్పుడది మేకజారుడువైపు చూపిస్తోంది.

అక్కడున్న యాభైమందిలో అది కనిపెట్టింది ఒక్క ఓబులమ్మ. అరవై దాటిన మనిషి. మేకలు మేపుకుంటూ, మలుపులోని రాతిమీద మజ్జిగకుండ పెట్టుకుని కోట చూడవచ్చినవాళ్లకు పోస్తుండేది. ఆవిడ జనంలోనుంచి దూరి చంద్రమౌళి దగ్గరకు వచ్చింది.

"సారూ, బాణం తప్పుదారి చూపిస్తాండాది. కోట ఆ పక్క."

"ప్లాను ప్రకారమే పెట్టాం అవ్వా. నీకు చదవడం వచ్చా?"

"అక్షరాలు రావు సారూ. బాణం గూడా సదవలేనా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. చంద్రమౌళి నవ్వలేదు. పెద్దాయన కారు దిగువన ఎదురుచూస్తోంది. "సిమెంటు ఎండిపోయాక చూద్దాంలే" అని దిగి వెళ్లిపోయాడు. సిమెంటు ఎండిపోయింది. ఆయన చూడలేదు.

అలా నా ఉద్యోగం మొదలైంది. వారాంతాల్లో నగరాల నుంచి జనం వచ్చేవారు. ఎర్రబూట్లు, మడతపెట్టే చేతికర్రలు, వీపున నీళ్లసంచి, దానినుంచి నోటిదాకా గొట్టం. కొండ ఎక్కడం అంటే వాళ్లకు యుద్ధానికి పోయినంత పని. వచ్చేవాళ్లకు మొదట నా వీపు కనిపించేది. "ఇదేంటి, ఖాళీగా ఉంది" అనుకుని, నన్ను చుట్టి అటువైపు వచ్చి, మొహం చదివి, బాణం చూసి, నిబద్ధతతో కుడివైపు బయలుదేరేవారు.

"అటు కాదు నాయనా" అనేది ఓబులమ్మ. "అటు పోతే లోయ. ఇటు రాండి."

"స్వర్ణదుర్గం ఇటేనా?"

"స్వర్ణదుర్గం ఏందో నాకు తెల్దు. కందిరీగలదుర్గం అయితే ఇటు."

అక్కడ చిక్కు వచ్చేది. వాళ్లకు కావలసింది స్వర్ణదుర్గం. ఓబులమ్మకు తెలిసింది కందిరీగలదుర్గం. కొందరు ఆవిడ మాట విని మంచి దారి పట్టేవారు. కొందరు నావైపు చూసి, ఆవిడ చిరుగుచీరవైపు చూసి, నన్నే నమ్మేవారు. నా వంటిమీద ప్రభుత్వ ముద్రలాంటిదేదో ఉంది కదా. వాళ్లు అరమైలు పోయి, లోయ చూసి, గుండెలు పట్టుకుని తిరిగి వచ్చి, ఓబులమ్మ మజ్జిగే తాగి, ఆవిడతో మాట్లాడకుండా ఎడమవైపు వెళ్లేవారు. తప్పు ఒప్పుకోవడం కంటే దాహం ఒప్పుకోవడం మనుషులకు తేలిక.

ఓబులమ్మ ఊరుకునే మనిషి కాదు. మేకలదారికి అడ్డంగా ఒక ఎర్రగుడ్డ కట్టింది. వచ్చినవాళ్లు అక్కడేదో దేవత ఉందనుకుని కుంకుమ చల్లి, నిమ్మకాయ పెట్టి, దండం పెట్టి మరీ లోపలికి పోయారు. తర్వాత రేగుకంప నరికి అడ్డం వేసింది. మండలి వాచరు పెంచలయ్య వచ్చి తీయించాడు. అతను ఆ ఊరివాడే, ఆవిడకు వరసకు అల్లుడు.

"అత్తా, మార్గానికి ఆటంకం కలిగించరాదని రాసుండారు. నా ఉద్యోగం పోతాది."

"మనుషులు పోయినా ఫరవాలేదు గానీ, నీ ఉద్యోగం పోగూడదు. అంతేనా అల్లుడా?"

పెంచలయ్య కంప లాగి పడేశాడు. మర్నాడు ఆవిడ నా బాణం మీద పేడ మెత్తింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రెండు రోజులు నేను ఏ అబద్ధమూ చెప్పలేదు. మూడోరోజు పెంచలయ్యే కడిగాడు. తలదించుకుని కడిగాడు.

ఈ గొడవంతా పైకి పోయింది. మండలి ఒక ఉత్తర్వు ఇచ్చింది. నన్ను తిప్పమని కాదు. మలుపు దగ్గర అనుమతి లేని అమ్మకాలు నిషేధమని. ఓబులమ్మ మజ్జిగకుండ నెత్తిన పెట్టుకుని కిందికి, తారురోడ్డు పక్కకు దిగిపోయింది. మలుపులో నేనూ నా బాణమూ మిగిలాం. దుర్గం అభివృద్ధి ఆ రోజుతో పూర్తయిందనుకున్నాను.

మాఘమాసంలో ఒక ఆదివారం పదిహేడుమంది బస్సులో వచ్చారు. వాళ్ల నాయకుడు ప్రజ్వల్ అనే కుర్రాడు. చేతిలో ఫోను, నోట్లో ఎప్పుడూ "లెట్స్ గో". పదిహేడుమందిలో పదహారుమంది ముప్పైలోపువాళ్లు. పదిహేడో మనిషి హైమావతి. యాభై రెండేళ్లు, ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు. మోకాళ్ల నొప్పులకు నడక మంచిదని డాక్టరు చెబితే, నడక ఎలాగూ తప్పదు కోట కూడా చూద్దామని పేరు ఇచ్చింది. మిగతావాళ్లు మలుపులో ఆగలేదు. ప్రజ్వల్ అంతకుముందు ఒకసారి వచ్చాడు, దారి తెలుసు. అందర్నీ ఎడమవైపు తోలుకుపోయాడు. అరగంట తర్వాత హైమావతి ఒక్కతే రొప్పుతూ వచ్చింది. నా వీపు చూసింది. చుట్టి వచ్చి మొహం చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. "కోటకు దారి" అని పైకి ఉచ్చరించింది, పిల్లవాడి చేత చదివించినట్టు. కొంగుతో చెమట తుడుచుకుని కుడివైపు వెళ్లింది.

అటు కాదమ్మా అని ఎన్ని విధాల అనుకున్నానో. రేకుకు నోరుండదు. ఉన్నదల్లా బాణమే, అది తిరిగే ఉంది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. ఓబులమ్మ చెబుతుంటే విన్నాను. మధ్యాహ్నం మూడున్నరకు కుర్రాళ్లు దిగి వచ్చారు. కోటగోడల మీద పేర్లు చెక్కిన చేతులు కడుక్కుని, బురుజుమీద తీసుకున్న బొమ్మలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఏడు మడతల కొండలు వెనక ఉంటాయి, వీళ్ల మొహాలు ముందుంటాయి, అన్ని బొమ్మల్లోనూ అదే వరస. బస్సు కదలబోతుంటే ఓబులమ్మ లేచి వచ్చి చేయి అడ్డం పెట్టింది.

"పొద్దున పదిహేడు ఎక్కినారు. పదారే దిగినారు."

"అందరూ ఉన్నారండీ" అన్నాడు ప్రజ్వల్. ఫోను చూపించాడు. "ఇదిగో, యాప్‌లో పదిహేడుమందీ చెకిన్ అయ్యారు."

"ఫోన్లో ఉంటే ఉండనీ. బస్సులో చూడు. మోకాళ్లు పట్టుకుని నడిచే టీచరమ్మ, నీలంచీర. యాడ?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె ఎప్పుడో దిగి వచ్చి బస్సులో పడుకుని ఉంటుందని ప్రతివాడూ అనుకున్నాడు. ఆమె పేరేమిటో వాళ్లలో ఇద్దరికే తెలుసు. ఓబులమ్మకు పేరు తెలియదు. కానీ రోజూ సాయంత్రం మేకలను లెక్కపెట్టుకునే మనిషి ఆవిడ, మనుషులనూ అలాగే లెక్కపెట్టింది.

ఆవిడ ముందు, బస్సు డ్రైవరు, ప్రజ్వల్ వెనక, మలుపుదాకా ఒక్క బిగిన ఎక్కారు. ప్రజ్వల్ నా మొహం చూశాడు. అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాడనుకుంటాను.

"బోర్డు ప్రకారం..." అని ఆగిపోయాడు.

"బోర్డు ప్రకారమే పోయుంటాది" అంది ఓబులమ్మ. "అందుకే ఇటు పోతాండాం. పద."

పొద్దు కొండవెనక వాలకముందే తిరిగి వచ్చారు. ఓబులమ్మ గొంగడిని రెండు కర్రలకు కట్టి, అందులో హైమావతిని పడుకోబెట్టి, ముందు డ్రైవరు, వెనక ప్రజ్వల్ మోస్తున్నారు. ఓబులమ్మ కంప తప్పిస్తూ దారి చేస్తోంది. హైమావతి చీలమండ విరిగి వాచిపోయింది. రాళ్లు జారి పడ్డాక ఒక తంగేడుపొద ఆపిందట. ఆ పొదకు అవతల ఇంక ఆపడానికి ఏమీ లేదు. ఐదు గంటలు ఆ పొద పట్టుకుని, పిలిచి పిలిచి గొంతు పోయి, చివరికి చిన్నప్పుడు నేర్చిన పద్యాలు మనసులో చదువుకుంటూ కూర్చుందట.

నా కింద కాసేపు దించారు. ఓబులమ్మ చెంబులో వెంట తెచ్చిన మజ్జిగ పోసింది. హైమావతి తాగి నన్ను చూసింది. తిట్టలేదు.

"రాసి ఉన్నది కదా అని వెళ్లాను" అంది. గొంతు బొంగురుగా ఉంది. "ముప్పై ఏళ్లుగా పిల్లలకు అదే చెబుతున్నాను. సరిగ్గా చదవండి, రాసి ఉన్నట్టు చెయ్యండి అని."

"సదివితే తప్పు లేదమ్మా. రాసినోడు ఎక్కొచ్చి సూడాల గదా" అంది ఓబులమ్మ.

నెలలోపు విచారణ జరిగింది. చంద్రమౌళి, మరో ఇద్దరు అధికారులు మలుపుదాకా ఎక్కి, నా చుట్టూ తిరిగి, చాలాసేపు గుసగుసలాడారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ప్రారంభోత్సవం ఫోటో మండలి వార్షిక పుస్తకం అట్టమీద అచ్చయింది. పెద్దాయన నవ్వుతూ నా బాణం పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు నన్ను తిప్పితే, ఆ నవ్వు తప్పుదారి పక్కన నవ్విన నవ్వవుతుంది. కాబట్టి నన్ను తిప్పడం సాధ్యం కాదు. ఒక అధికారి చివరికి ఉపాయం చెప్పాడు. "బోర్డు ఎటు చూపిస్తోందో అక్కడే ఏదన్నా కట్టేస్తే పోలేదా?"

కట్టారు. మేకజారుడు అంచున ఇనుపకమ్మీలు పాతి, దానికి వ్యూపాయింట్ అని పేరు పెట్టారు. నివేదికలో "ప్రమాదానికి కారణం పర్యాటకురాలి అజాగ్రత్త" అని రాశారు. హైమావతి మంచంమీద నుంచి మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది. "మీ సూచన పరిశీలనలో ఉన్నది."

జ్యేష్ఠంలో మొదటి పెద్దవాన కురిసింది. వదులురాళ్ల మీద నిలబెట్టిన కమ్మీలు, సిమెంటుతో సహా, లోయలోకి వెళ్లిపోయాయి. అది బుధవారం. ఆదివారమైతే దాన్ని ఆనుకుని బొమ్మలు తీసుకునేవాళ్లు ఉండేవారు. ఓబులమ్మ పోయి చూసి వచ్చి, పెంచలయ్య ఫోను అడిగి తీసుకుంది. హైమావతికి చేసింది. "టీచరమ్మా, కమ్మీలు పడిపోయినాయి. ఈసారి మనుషులే పడతారు" అని మాత్రం చెప్పింది.

ఆ శనివారం ఉదయం హైమావతి చేతికర్ర పొడుచుకుంటూ ఎక్కింది. గంటదారికి మూడు గంటలు పట్టింది. చేతిసంచిలో రెండు చిన్న రంగుడబ్బాలు, ఒక కుంచె. స్కూలుగోడల మీద సూక్తులు రాయించగా మిగిలిన రంగులట. ఓబులమ్మ మలుపులోనే ఉంది. ఉత్తర్వు వచ్చాక ఆవిడ అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి.

హైమావతి ఆకుపచ్చ రంగుతో నా పాత బాణాన్ని మూసేసింది. ఆరేదాకా ఇద్దరూ రాతిమీద కూర్చున్నారు. తర్వాత పసుపుడబ్బా మూత తీసి, కుంచె ఓబులమ్మ చేతికిచ్చింది.

"నువ్వు గీయి."

"నాకు రాదమ్మా. కుంచె పట్టి ఎరగను."

"దారి తెలిసినదానివి నువ్వు. నేను గీస్తే మళ్లీ రాసి ఉన్నదే అవుతుంది."

ఓబులమ్మ కుంచె అందుకుంది. ఒకసారి కోటవైపు చూసింది. ఆపైన గీసింది. ఖాసీం గీసినట్టు తిన్నగా రాలేదు. మేకకొమ్ములాగా కొంచెం వంగింది. మొన దగ్గర రంగు కారింది. కానీ అది కోటవైపు చూపిస్తోంది. కింద "అటువైపు పోవద్దు, లోయ" అని హైమావతి చిన్న అక్షరాలతో చేర్చింది. ప్రారంభోత్సవం తర్వాత నేను నిజం చెప్పిన మొదటి రోజు అది.

మర్నాడే ఒక గుంపు నా పక్కన నిలబడి బొమ్మ తీసుకుంది. "చేతితో గీసిన క్యూట్ బోర్డు" అని రాసి లోకమంతటికీ పంపింది. అది చంద్రమౌళిదాకా పోయింది. పెంచలయ్య ఓబులమ్మ ఇంటికి వెళ్లి, "నేను చూడనట్టు ఉండిపోదామనుకున్నా అత్తా. కానీ ఊరంతా చూసేసినారు" అన్నాడట.

ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినందుకు కేసు పెట్టారు. సాక్ష్యంగా నన్ను పెరికారు. ఒక మనిషి కాలు విరిగినప్పుడు కదలడానికి వీల్లేదన్న సిమెంటు, కేసు కోసం అరగంటలో పగిలిపోయింది.

తాలూకా కోర్టులో నన్ను బల్లకు ఆనించి నిలబెట్టారు. మేజిస్ట్రేటు ఒక యువతి, మాట తక్కువ. ఓబులమ్మ బోనులో నిలబడి అడగకముందే చెప్పేసింది. "నేనే చేసినానమ్మా. నేనొక్కదాన్నే."

వెనక బెంచీలోనుంచి కర్ర చప్పుడైంది. హైమావతి లేచి నిలబడింది. పక్కన కూర్చున్న ఆమె భర్త కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఆమెది ప్రభుత్వోద్యోగం, కేసులో పేరు వస్తే సస్పెన్షను ఖాయం. "కూర్చో హైమా" అన్నాడు. ఆమె కొంగు విడిపించుకుంది.

"రంగు నేను తెచ్చాను మేడం. పాత బాణం మూసింది నేను. కింద అక్షరాలు నావి. ఆవిడకు రాయడం రాదు."

"ఎందుకు లేచినావమ్మా" అని ఓబులమ్మ బోనులోనుంచే కసిరింది. "నాకైతే పోయేది ఏముండాది?"

మేజిస్ట్రేటు ఇద్దరినీ చూసింది. చంద్రమౌళిని పిలిచింది.

"ఈ బోర్డు ఎటు తిరిగి ఉండాలి?"

"ప్లాను ప్రకారం మేడం."

"కోట ఎటువైపు ఉంది?"

"ఫైలు చూసి చెప్పాలి మేడం."

"మీరు ఎప్పుడైనా కోటదాకా వెళ్లారా?"

చంద్రమౌళి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ప్రారంభోత్సవం మలుపు దగ్గరే జరిగింది మేడం."

కోర్టులో ఎవరో దగ్గారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. ఓబులమ్మవైపు తిరిగింది.

"ఎవరుపడితే వాళ్లు ప్రభుత్వ బోర్డులు మార్చేస్తే ఎలాగమ్మా? బోర్డు లేకపోతే జనానికి దారి ఎలా తెలుస్తుంది?"

"నన్ను అడుగుతారమ్మా."

"నువ్వు లేని రోజు?"

"ఆ పొద్దు కోటకు పోకుండా ఉంటే సరిపోతాది. కోట యాడికీ పోదు గదమ్మా."

తీర్పు రెండు వారాలకు వచ్చింది. నష్టం చేసే ఉద్దేశం కనిపించలేదు కాబట్టి ముద్దాయిల మీద కేసు కొట్టేశారు. మండలి తన బోర్డును తీసుకుపోవచ్చని కూడా రాశారు. మండలి రాలేదు. తీసుకుపోవాలంటే, ఇది మాదే, ఇలా పాతింది మేమే అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టేవాడు దొరకలేదు. చంద్రమౌళికి పదోన్నతి వచ్చి ఇంకో జిల్లాకు వెళ్లాడు, అక్కడా దుర్గాలు ఉన్నాయట. హైమావతిని సస్పెండు చెయ్యలేదు కానీ ఇంటికి డెబ్భై మైళ్ల దూరం బదిలీ చేశారు.

నేను కొన్నాళ్లు రికార్డుగదిలో ఒక విరిగిన సైకిలు పక్కన పడి ఉన్నాను. వానాకాలంలో కోర్టు మెట్లముందు మురుగుకాలువ మీద బండ విరిగింది. మరమ్మతుకు అర్జీ పెడితే ఎప్పుడొస్తుందో అని, అటెండరు నన్ను తెచ్చి కాలువమీద అడ్డంగా పరిచాడు. ఇప్పుడు వకీళ్లు, కక్షిదారులు, పోలీసులు, అందరూ నా మీదుగానే నడుస్తారు. అక్షరాలు సగం అరిగిపోయాయి. ఫిర్యాదు లేదు. ఎవర్నీ ఎక్కడికీ పంపడం లేదు, దాటిస్తున్నాను.

ఓబులమ్మ మళ్లీ మలుపులో కూర్చుంటోందని విన్నాను. పెంచలయ్య ఆ పక్కకు వచ్చినప్పుడల్లా అతనికి ఆకాశంలో ఏదో పనిపడుతుందట. అయినా కొత్తగా వచ్చిన ఇంజనీరు తీర్పునకలు చూపించమన్నాడు. ఆ నకలు కోసం ఆవిడ గత సోమవారం కోర్టుకు వచ్చింది. హైమావతి సెలవు పెట్టి తోడు వచ్చింది. కాగితం తీసుకుని మెట్లు దిగి, నా మీద కాలు పెట్టిన ఓబులమ్మ ఆగిపోయింది. ఒట్టికాళ్లతో రంగు తడిమింది. కొమ్ములాగా వంగిన బాణం ఇంకా చెరగలేదు. దాని మొన కోర్టు గేటువైపు, రోడ్డువైపు ఉంది.

"చూసినావా టీచరమ్మా, నేను గీసిందే. ఈడ సరిగ్గానే ఏసినారు. బయటికి పోయే దారి ఇదే."

హైమావతి వంగి చూసి, కర్రమీద బరువు వేసి నవ్వింది. చాలాసేపు నవ్వింది. గేటు దగ్గర పోలీసు తిరిగి చూశాడు.

ఇద్దరూ బస్టాండువైపు నడిచారు. హైమావతి కాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది. కొండమీద మేకలాగా నడిచే ఓబులమ్మ, ఆమె కోసం అడుగు తగ్గించి, పక్కనే నడిచింది.